ఆయుధపూజలో కలిసిపోయిన రాకర్ ఆర్మ్‌లు

నాయన పాత కారు ఇంజను విప్పి మళ్లీ కట్టే పనిలో నా వంతుకు వచ్చింది చిన్న పనే: అనంతపురం పోయి క్యామ్‌షాఫ్ట్, రాకర్ ఆర్మ్‌లు ఎంచుకుని రావడం. ఎం.ఏ. చదివినవాడికి ఇదొక లెక్కా అనుకున్నారు ఇంట్లో. నేను చదివింది చరిత్ర అన్న సంగతిని, ఉద్యోగాలిచ్చేవాళ్లలాగే, ఇంట్లోవాళ్లూ పెద్దగా పట్టించుకోలేదు.

నాయనది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. మగ్గాలున్న ఊళ్లకు తానే పోయి, నేసినవాళ్ల ఇంట్లో కూర్చుని, చీర విప్పి చూస్తేగాని కొనడు. మోకాళ్లు మొరాయించాక బస్సెక్కలేడు. ఆయన్ను తిప్పేది ఆ కారొక్కటే. అది మెకానిక్ షెడ్డు చేరినప్పటి నుంచి చిన్నాయన రోజూ పరామర్శకు వస్తున్నాడు.

"తిరిగింది చాల్లే అన్నా, ఇంట్లో ఉండు. ఆ ఊళ్లన్నీ నేను చూసుకుంటా" అనేవాడు, చాలా ప్రేమగా.

"దీపావళికి చెప్తాలే" అన్నాడు నాయన. అంటే అప్పటికి కారు తిరగకపోతే ఆయన తిరగడం కూడా ఆగిపోతుంది.

అసలు కొత్తవి కొనాల్సిన అవసరమే లేదు. క్యామ్‌షాఫ్ట్ అంటే కోడిగుడ్డు ఆకారపు ఉబ్బులున్న కడ్డీ. అది తిరిగేటప్పుడు ఉబ్బులు రాకర్ ఆర్మ్‌లను ఎత్తుతాయి, అవి వాల్వులను తెరుస్తాయి. ఒక్కో ఆర్మ్ ఏళ్ల తరబడి తన ఉబ్బుతోనే రాసుకుని అరిగి ఉంటుంది కాబట్టి దేని చోటులో దాన్నే పెట్టాలి. మేస్త్రీ వాటిని విప్పి, చీరల అట్టపెట్టెలో వరసగా పేర్చి నా చేతికిచ్చాడు. షెడ్డు కంటే ఇల్లే భద్రమట.

"ఈ వరస మాత్రం చెడగొట్టద్దన్నా" అన్నాడు.

మధ్యలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఇనుమన్నది ఏదీ తప్పించుకోలేదు. కత్తెర, తక్కెడ, కుట్టుమిషను, ఇనుము కాకపోయినా నా ల్యాప్‌టాప్, అన్నీ కుంకుమ పెట్టించుకుంటాయి. అమ్మ అట్టపెట్టె తెరిచింది. ఆ మసి చూసి జాలిపడింది. ఆర్మ్‌లన్నిటినీ చింతపండుతో తోమి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బాగా మెరిసేవి మధ్యలోకి, అంతగా మెరవనివి కొసలకు వచ్చేలా పీట మీద అమర్చింది. చూడ్డానికి బాగుందని ఒప్పుకోవాలి.

"అమ్మా, వీటి వరస?"

"వరసగానే పెట్టినా కదప్పా! కండ్లు కనపడ్లేదా?"

మేస్త్రీ ప్రసాదానికని వచ్చి, దోసిట్లో బొరుగులతో పీట ముందు చాలాసేపు నిలబడ్డాడు. భక్తి అనుకుంది అమ్మ.

"జత తప్పితే ఉబ్బుల్ని తినేస్తాయన్నా" అన్నాడు చివరికి.

నాయన ఒక్కో ఆర్మ్‌నూ వెలుతురుకు పట్టి, బొటనవేలితో నిమిరి, పట్టు చూసినట్టు చూశాడు. సగం దాకా వరసలో పేర్చేశాడు.

మేస్త్రీ కండ్లు పెద్దవయినాయి. "ఎట్ల కనిపెట్టినావు సామీ?"

"యాడ కనిపెట్టినాను? ఊరికే కూర్చోలేక పెడ్తాండా."

కాబట్టి ఆర్మ్‌లూ, వాటితో అరిగిన క్యామ్‌షాఫ్టూ అన్నీ కొత్తవే వేయాలని తేలింది. అనంతపురం షాపతను ఒకేలా ఉన్న రెండు క్యామ్‌షాఫ్టులు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండూ మీ బండికే సార్. ఇది మొదట వచ్చింది, ఇది తర్వాత వచ్చింది."

"ఏది మంచిది?"

"రెండూ మంచివి కాబట్టే కదా రెండూ పెట్టినాం."

మేస్త్రీకి ఫోన్ చేశాను. "ఏదయినా పర్వాలేదన్నా" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపు "చూసి తీసుకో మళ్ల" అన్నాడు. ఏం చూడాలో అడిగాను. ఉబ్బు ఎత్తు ఎక్కువైతే బండి స్పీడు మీద బాగా పోతుందట, తక్కువైతే నిదానంగా లాగుతుందట. నాయన మూడో గేరు దాటడం నేనెప్పుడూ చూడలేదు. నాకు కావలసింది తక్కువ ఎత్తుది. అయితే ఏది తక్కువ?

కొలిచే పరికరం లేదన్నాడు షాపతను. పొట్లాలు కట్టే దారం ఇచ్చాడు. ఉబ్బు చుట్టూ చుట్టి చూస్తే మొదటిది పొడుగు వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ చుట్టాను, రెండోది పొడుగు వచ్చింది. మూడోసారి దారం తెగింది. వెనకాల బేరింగు కోసం వచ్చిన పెద్దాయన "ఏమప్పా, మొలతాడు కడ్తాండావా?" అన్నాడు. సిగ్గేసి, చేతిలో ఉన్నది కట్టించుకుని, దానికి కొత్త ఆర్మ్‌లు కూడా తీసుకుని బయటపడ్డాను. అది తక్కువ ఎత్తుదే అయివుండాలి. అలా అనుకోవడం నాకు అలవాటైంది.

దీపావళికి ముందే ఇంజను కట్టేశారు. స్టార్టయింది. లోపల టిక్ టిక్ అంటోంది. అది కొత్తదనపు చప్పుడని మేస్త్రీ, కాదేమోనని నేను, దారిలో ఆగిపోయే చప్పుడని చిన్నాయన. మళ్లీ విప్పి చూద్దామా అని మేము మాట్లాడుకుంటూ ఉండగానే నాయన కారులో కూర్చున్నాడు, గేటు దాటాడు.

మధ్యాహ్నం దాకా ఆగి ఫోన్ చేశాను.

"యాడుండావు నాయనా?"

"తనకల్లులో."

అంత దూరం పోతాడని ఎవరూ అనుకోలేదు. "చప్పుడు ఎట్లుండాది?"

"ఏం చప్పుడు?" అన్నాడు. అంతలోనే ఫోను పక్కకు పెట్టి ఎవరితోనో, "ఆ అంచు రంగు నాకొద్దమ్మా, లోపలుండేది తియ్యి, అది నాకు తెల్దనుకుంటివా!" అంటున్నాడు. ఫోను పెట్టేయడం మరిచిపోయాడు. ఆ బేరం తెగేదాకా విన్నాను.