సరోజక్క చెయ్యి

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. మా ఆయన గనిలో షిఫ్టు దిగి వచ్చి అక్కడి కథలు చెబుతుంటే, ఆకలి మీద అట్లాంటివే కనిపిస్తాయని అన్నం పెట్టేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

గోదావరిఖనిలో మా క్వార్టర్. మా అత్తకు ఒళ్లంతా నీటి పొక్కులు లేచాయి. మొదట తల్లి పోసిందనుకుని వేపాకు పరిచాం. నెల దాటినా తగ్గకపోతే దవాఖానకు తీసుకెళ్లాం. ఒంటిని కాపాడాల్సిన శక్తే చర్మం మీద తిరగబడే జబ్బట. మాత్రలు, పూత మందు ఇచ్చారు.

రోజూ పూసేది నేను. పేరు మాత్రం సరోజక్కది. ఆమె మా పెద్ద తోటికోడలు, మందమర్రిలో ఉంటుంది. ఆదివారం వచ్చి ఒక్కసారి పూసి పోయేది. "సరోజ చెయ్యి సల్లగుంటది, నీది గరుకు" అనేది అత్త. అంట్లు తోమే చెయ్యి గరుకు కాక ఏమవుతుంది? కుళ్లుకున్నాను. ఒక ఆదివారం ఆమె వచ్చేలోపు ట్యూబును బియ్యం డబ్బా అడుగున దాచేసి, మందు అయిపోయిందన్నాను. మర్నాడు కోపంతో నేనూ పూయలేదు.

ఆ మధ్యాహ్నం మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. గదిలోంచి అత్త గొంతు వినబడింది.

"సరోజా, ఇయ్యాల నీ చెయ్యి మస్తు సల్లగున్నది బిడ్డా. కుడి దిక్కంత సల్లవడ్డది."

లేని మనిషిని కూడా పొగుడుతోందని ఒళ్లు మండింది. వెళ్లలేదు. గంట తర్వాత చాయ్ తీసుకుపోతే మూతి వంకర పోయి ఉంది. కుడి చెయ్యి లేవడం లేదు. ఆ చేతికి భుజం నుంచి వేళ్ల దాకా తెల్లగా మందు పూసి ఉంది. ఒక్క పొక్కూ చితకలేదు.

వీధి తలుపుకు నేను పెట్టిన గడియ అట్లాగే ఉంది. ట్యూబు బియ్యం అడుగునే ఉంది. ఫోన్ చేస్తే సరోజక్క మందమర్రిలో తన ఇంట్లోనే ఉంది, వెనక బావ గొంతు కూడా వినిపించింది.

పక్షవాతం అంది డాక్టరమ్మ. ఈ పొక్కుల జబ్బు ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువేనట.

"ఒక పక్క చల్లబడ్డదనో, తిమ్మిరనో ముందే ఏమన్న చెప్పిందా?" అని అడిగింది.

"లేదు మేడం" అన్నాను.

ఆ మందు ఎవరు పూశారో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. సరోజక్కకు చెప్పలేదు. చెబితే ఆ పేరు కూడా ఆమెకే పోతుంది.

అత్తకు ఇప్పుడు ఒక్క మాటే వస్తుంది. నీళ్లు కావాలన్నా, నొప్పి పుట్టినా "సరోజా" అంటుంది. నేనే పలుకుతాను. పలికిన ప్రతిసారీ కుళ్లుగానే ఉంటుంది.