దొంగ సూది

1999. తిరుపతిలో నాది ఆడియో రిపేరు షాపు, సీడీలూ అమ్మేవాణ్ణి. ఊరంతా సీడీల వెంట పడింది, రికార్డు ప్లేయర్లు పాత ఇనుములోకి పోతున్నాయి. ఈ పనిలో నేను మొదట నేర్చుకున్నది అనుమానం. "నేనేం చేయలేదు, దానంతటదే ఆగిపోయింది" అనేవాడు సెట్టును ఒక్కసారైనా కింద పడేసే ఉంటాడు.

చెంగల్రాయులు రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీ జనరేటర్ రూములో ఆపరేటరు. వయసులో ఉండగా మద్రాసులో పనిచేస్తూ, పాత సరుకు అమ్మే మూర్ మార్కెట్లో ఇంగ్లీషు రాక్ రికార్డులు ఏరుకున్న మనిషి. వాటిలో తనకు ప్రాణమైన ఆల్బం సీడీగా వచ్చిందంటే నా దగ్గరే కొన్నాడు. వారం తిరక్కుండా తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఇది డూప్లికేటప్పా. తాళాల సప్పుడే లేదు. రికార్డులో జల్లుమనేది."

అతను తాళాలనేది డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్లేలను, అంటే సింబల్స్‌ని. షాపులో పెట్టి విన్నాను. శుభ్రంగా మోగుతున్నాయి.

"మోగుతున్నాయి కదన్నా!"

"యాడ? నాకేం ఇనపడలే."

పాటలు క్యాసెట్లోకి ఎక్కించుకుని సీడీని తిరిగి నాకు అంటగట్టడానికి వేషం వేస్తున్నాడనుకున్నాను. "నీ రికార్డే తీసుకురా, రెండూ పక్కపక్కన విందాం" అన్నాను. ఇంట్లో ప్లేయరు సూది విరిగి ఏళ్లయిందట. ప్లేయరు కూడా తెమ్మని, కొత్త స్టైలస్, అదే రికార్డు గాడిలో నడిచే సూది, మద్రాసు నుంచి తెప్పించి వేశాను. రెండింటి వాల్యూమూ సమానం చేశాను. ఏది గట్టిగా మోగితే అదే బాగుందనుకోవడం చెవి నైజం. నాకైతే రికార్డులో డ్రమ్ము కాస్త నిండుగా, సీడీలో సింబల్స్ కాస్త పదునుగా వినిపించాయి.

అతను కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచేసరికి ముఖం కందగడ్డయింది.

"ఇదీ మూగదైపోయిండాదే! దొంగ సూది ఏసినావు. సీడీలు అమ్ముకునేదానికి నా రికార్డు గొంతు కోసినావు."

"కంపెనీ సూదన్నా అది!"

"అట్లయితే రా. కాణిపాకంలో ప్రమాణం చేయి."

మా జిల్లాలో వినాయకుడి ముందు ప్రమాణమన్నాక ఇంక వాదన ఉండదు. బజారులో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. దొంగ సామాను వేస్తాడని పేరు పడితే నా షాపుకు ఒక్క సెట్టు రాదు. "పద, ఇప్పుడే పోదాం" అని లేచాను.

షట్టరు దించబోతుండగా నాకే ఒక అనుమానం వచ్చింది. సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు, ట్వీటర్, దెబ్బతినిందేమో? టెస్ట్ సీడీ పెట్టాను. అందులో పాట ఉండదు. కీచుమనే ఈల లాంటి శబ్దంతో మొదలై అంతకంతకూ సన్నబడుతూ పోతుంది.

ఈల చెవుల్లో గుచ్చింది. గుమ్మం దగ్గరున్న వాళ్లు చెవులు మూసుకున్నారు. చెంగల్రాయులు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుని, "పెట్టబ్బా, ఎంతసేపు?" అన్నాడు.

చెవులు మూసుకున్న వాళ్లను అతను ఒక్కొక్కరినే చూశాడు.

"మోగతా ఉండాదా?"

తలూపాను. అప్పటిదాకా ఉన్న కోపమంతా పోయింది. ఏళ్ల తరబడి జనరేటర్ హోరు అతని చెవిలో సన్నటి శబ్దాలను తినేసింది. చెవి డాక్టరూ తర్వాత అదే చెప్పాడు.

వెళ్లేముందు రికార్డు ఇంకోసారి పెట్టమన్నాడు. సింబల్ పడే ప్రతిచోటా వేలెత్తి, "ఇప్పుడు మోగింది గదా?" అని నన్ను అడిగాడు. ఒక్కటీ తప్పలేదు. పాట అయిపోయేదాకా "మోగిందన్నా" అంటూనే ఉన్నాను.

అనుమానించే బుద్ధి నాకింకా పోలేదు. కానీ శబ్దం బాగాలేదని ఎవరొచ్చినా, సెట్టు విప్పకముందు వాళ్లకేం వినిపిస్తోందో అడుగుతాను. ఆరోజు కాణిపాకం పోయి ఉంటే ఇద్దరం నిజమే చెప్పి, ఒకరినొకరు దొంగ అనుకుంటూనే తిరిగొచ్చేవాళ్లం.