లేని కాపరి కోసం విడపనకల్లు దాకా

ముందే ఒట్టేసి చెబుతున్నాను: ఈ కింద రాసిన ప్రతి మాటా నిజం. కళ్యాణదుర్గంలో నన్నెరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారు. నవ్వుకోనివ్వండి.

మా అక్క కూతురు శిరీషకు ఇంగ్లండులో ఖగోళశాస్త్ర చరిత్ర చదవడానికి అవకాశం వచ్చింది. మనుషులు ఏ కాలంలో ఆకాశాన్ని చూసి ఏమనుకున్నారు, విశ్వం ఎలా పుట్టిందనుకున్నారు, అదీ ఆ చదువు. దరఖాస్తుతో పంపిన వ్యాసంలో ఒక కథ అక్కడి ప్రొఫెసరమ్మకు బాగా నచ్చిందట. గొల్లకావడి అని మనం పిలిచే మూడు చుక్కలున్నాయి కదా, ఆ కావడి మోసేవాడు కరువులో నీళ్ల కోసం ఆకాశానికెక్కిన గొర్రెల కాపరి అనీ, కుండలు నిండగానే దిగివస్తాడనీ మా సీమ కాపరులు చెప్పుకునే కథ. చెప్పిన మనిషి గొంతు రికార్డు చేసి శుక్రవారం లోపల పంపితే సీటు ఖాయం చేస్తామని ఆమె రాసింది.

"నీకు చెప్పింది విడపనకల్లు కాపరి అంటివి కదా మామా. పోదాం పా," అంది శిరీష.

అన్న మాట నిజమే. కాని అలాంటి కాపరి లేడు. ఆ కథ నేనే అల్లాను. ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

బుధవారం ఉదయం ఆరున్నరకు అనంతపురం బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు, డబ్బులు నాకొక్కడికే. దారి పొడుగునా దున్ని, వాన కోసం వదిలేసిన ఎర్రచేలు. పక్కసీట్లో ఒళ్లో సంచి పెట్టుకున్న రైతమ్మ పలకరించింది.

"యాడికి పోతాండారు?"

"మా పాప ఇంగ్లండులో చుక్కల చదువు చదవబోతాంది. ఆ పని మీదే."

"చుక్కలు చూసేకి అంత దూరం పోవల్లనా? మా చేన్లో నిలబడితే కావల్సినన్ని. మబ్బే మాకు కరువు."

శిరీష పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎనిమిదింబావుకు అనంతపురం. బస్టాండు బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నలుగురు నిలబడి తింటున్న బండి దగ్గరే తినండి, వేడిగా ఉంటాయి. తొమ్మిదికి ఉరవకొండ బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. విడపనకల్లులో దిగేసరికి పదకొండు దాటింది. ఎర్రనేల పోయి నల్లరేగడి వచ్చింది. మే నెలలో వచ్చేవాళ్లు నీళ్ల సీసా మరవద్దు.

ఊరి బయట ఖాళీ చేనులో గొర్రెల మందతో పాటు వేపచెట్టు కింద ఒక ముసలి కాపరి కనిపించాడు నా అదృష్టానికి. శిరీషను రోడ్డు పక్క టీకొట్టు నీడన నిలబెట్టి, "ఆయనేనో కాదో చూసొస్తా," అని నేను ముందు వెళ్లాను. పేరు లింగప్ప అన్నాడు. కథంతా వినిపించి, ఇదే మాట ఆ పిల్ల ఫోనులో చెప్పమని బతిమాలాను.

"ఈ కత నేనెప్పుడూ ఇనలేదే."

"పిల్ల చదువు పెద్దప్పా. ఒక్క మాట."

"సరే, పిలువు. నాదేం పోతాది?"

శిరీష వచ్చి దండం పెట్టింది. లింగప్ప భుజం మీది నల్ల కంబళి దులిపి నేల మీద పరిచాడు. ముగ్గురం కూర్చున్నాం. తను ఫోను మధ్యలో పెట్టి, "చెప్పు తాతా," అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. కింద కంబళి వంక చూశాడు. నా వంక చూశాడు.

"ఏమప్పా, లేసి ఆ బండ మీదికి పోదామా?"

"ఆడంతా ఎండ కదా తాతా?" అంది శిరీష.

"కంబళి మీద కూచోని అబద్ధం ఆడకూడదు పాపా. మాలో పంచాయితీ అయినా, పెండ్లి మాటయినా దీని మీదే. ఆ బండ మీదైతే మీ మామ చెప్పమన్నెట్ల చెప్తా."

పాపం, సాయం చేద్దామనే చూశాడాయన. శిరీష నా వైపు తిరిగింది. ఫోను ఆపలేదు.

చెప్పాను. తనకు ఆరేళ్లప్పుడు శెనక్కాయ పంట ఎండిపోయి వాళ్ల నాయన బెంగుళూరు కూలికి పోయాడు. శివరాత్రి దాటినా మనిషి లేడు, కబురు లేదు. "నాయన ఎప్పుడొస్తాడు మామా?" అని రోజూ పొద్దుగూకగానే అడిగేది. ఒకనాడు మిద్దె మీద కూర్చుంటే ఎదురుగా ఆ మూడు చుక్కలు. నీళ్లకు పోయిన కాపరిని అప్పుడు పుట్టించాను. ఉగాదికి బావ తిరిగొచ్చాడు. కథ మాత్రం పిల్లలో ఉండిపోయింది.

"ఇన్నేండ్లలో ఒక్కసారి చెప్పింటే ఏమైపోతుండె మామా?"

లింగప్పే మాట కలిపాడు.

"నాకు తెలిసింది చెప్తా, రాసుకో. గుంపుగా ఉండే పిల్లలకోడి చుక్కలు తెల్లారేముందర తూర్పున లేసినాయంటే మందను ఎర్రనేలకు మళ్లిస్తాం. రేగడి తడిస్తే గొర్రె కాళ్లు చెడతాయి."

"అంటే అప్పుడు వానొస్తుందా తాతా?"

"వస్తే రావచ్చు. చుక్కేమన్నా మాటిచ్చినాదా?"

మూడున్నరకు తిరుగు బస్సు. శిరీష ఫోనులో ఉత్తరం రాసి నాకు చూపించింది. ఇలా రాసింది: కథ అల్లింది మా మేనమామ, కాపరులు కాదు. విచారించకుండా రాయడం నా తప్పు. లింగప్ప చెప్పింది జతచేస్తున్నాను. అంతే.

"ఇట్ల పంపితే సీటు పోతాది పాపా. లింగప్పది ఒకటే పంపు, చాలు."

"నేను చరిత్ర చదివేకి పోతాండా మామా," అని పంపేసింది.

అనంతపురంలో దిగి టీ తాగుతుండగా జవాబు వచ్చింది. కరువులో ఒక మేనమామ చుక్కల్లో మనిషిని ఎందుకు నిలబెట్టాడన్నది కూడా చరిత్రేననీ, సీటు ఖాయమనీ రాసింది ప్రొఫెసరమ్మ. శిరీష బస్టాండులోనే నా భుజం పట్టుకుని ఏడ్చింది. ఎనిమిదికి ఇల్లు చేరాం. ఎర్రనేల నుంచి నల్లనేలకు అయిదు గంటల దారి. అంతకన్నా దూరం నేనెన్నడూ పోలేదనిపించింది.

ఇక ఒప్పుకోవాలి. ఆ జవాబూ, శిరీష ఏడవడమూ నా కల్పన. టీ తాగాం, ఫోను మోగలేదు. ఆ శుక్రవారం దాటింది, మరో శుక్రవారమూ దాటింది. మిగతాదంతా జరిగినట్టే రాశాను.

నిన్న సాయంత్రం బట్టలు మడతపెడుతూ శిరీష అడిగింది.

"వాళ్లు రాస్తారంటావా మామా?"

మంచి కథే ఒకటి నోటిదాకా వచ్చింది.

"తెల్దు పాపా," అన్నాను. పక్కన కూర్చుని ఒక దుప్పటి కొస పట్టుకున్నాను.