పంక్చరక్క టైరు గీత

ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడదు. ఏటి గట్టు పొడుగునా అందరికీ ఆవిడ పంక్చరక్క. తనకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు, ఎందుకంటే అమ్మాయ్ అని పిలిచినవాడి టైరు ఆవిడ ముట్టుకోదు. మనిషి మంచిదేనా అంటే మంచిదే. కాకపోతే మాటకంటే ముందు చెయ్యి లేస్తుంది.

సైకిల్ కొట్టు ఒకటే గది. పైన రేకులు, గోడలకి వేలాడే పాత ట్యూబులు, పంక్చర్ ఎక్కడుందో వెతకడానికి నీళ్ల తొట్టి, చెక్కబల్లకి బోల్టులతో బిగించిన, సామాన్లని నొక్కి పట్టే ఇనప వైసు. ఆ వైసు తీసి అవతల పారెయ్యమని చాలామంది చెప్పి చూశారు. చెప్పినవాళ్లంతా తిట్లు తిని వెళ్లారు.

యుద్ధం వచ్చినప్పుడు ఆమె ఇంకా గౌన్లు వేసుకునే పిల్ల. ఈ గట్టున ఒక సైన్యం, ఆ గట్టున ఇంకో సైన్యం, మధ్యలో శవాలు మోసుకుపోయే ఏరు. పెట్రోలు దొరక్క ఈ గట్టు సైనికులు సైకిళ్ల మీదే తిరిగేవాళ్లు. వాటిని బాగుచెయ్యమని తెచ్చి కొట్టులో పడేశారు. కొట్టు నడిపే ఆమె తండ్రి ఒక్కో చక్రం ఇరుసులోంచి బేరింగు గుళ్లు తీసేసి, బదులు గ్రీజులో ఇసక కలిపి కూరాడు. సైనికులు కరకట్ట మీద సగం దూరం వెళ్లేసరికి చక్రాలు బిగుసుకుపోయాయి. దిగి తంటాలు పడుతున్నవాళ్లని అవతలి గట్టు తుపాకులు పిట్టల్ని కొట్టినట్టు కొట్టాయి.

మిగిలినవాళ్లు తిరిగి కొట్టుకే వచ్చారు. తండ్రి చేతిని వైసులో పెట్టి తిప్పారు. ఎవరు చెయ్యమన్నారని అడిగారు. ఎవరూ చెప్పలేదు, నాకే బుద్ధి పుట్టిందన్నాడాయన. నిజమే చెప్పాడు, వాళ్లు నమ్మలేదు. ఇంకో చుట్టు తిప్పారు, వేళ్లు విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది. చివరికి విసుగెత్తి పెద్ద పానా తీసుకుని నెత్తి మీద కొట్టారు, ఆయన కదలడం మానేదాకా కొట్టారు. బల్ల కింద టైర్ల కుప్ప వెనక ఈ పిల్ల తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాన్పులోనే తల్లిని పోగొట్టుకున్న పసివాడు వాడు. ఏడుస్తాడేమోనని నోరు గట్టిగా మూసింది. అప్పుడప్పుడే వస్తున్న పళ్లతో వాడు ఆమె అరచెయ్యి రక్తం వచ్చేలా కొరికాడు, ఆమె చెయ్యి తియ్యలేదు.

ఆ దెబ్బకే ఆవిడ అంత కోపిష్టి అయిందంటారు జనం. అలాగైతే అదే బల్ల కిందున్న తమ్ముడు ఎందుకంత నెమ్మదస్తుడయ్యాడో కూడా వాళ్లే చెప్పాలి. ఆమె పెంచింది, ఆమె తిట్టింది, ఆమె కొట్టింది, ఆమె అన్నం పెట్టింది. వాడు మాత్రం ఒకర్ని పల్లెత్తు మాట అనకుండా పెద్దవాడై ట్రాక్టరు నడుపుకునేవాడు.

యుద్ధం అయిపోయింది గానీ మందుపాతరలు మట్టిలోనే ఉండిపోయాయి. మేకలు పేలిపోయాయి, మేకల వెనక వెళ్లినవాళ్లూ పేలిపోయారు. పాతరలు తీసేవాళ్లు వచ్చి, వెదికిన చోటల్లా తెల్ల రంగు రాళ్లు పెట్టి వెళ్లారు. మొదటి వరదకే రాళ్లు కొట్టుకుపోయాయి. అప్పట్నుంచి ఏటి గట్టువాళ్లకి ఒక పద్ధతి అలవాటైంది. వరద తీశాక గుండెధైర్యం ఉన్నవాళ్లు ఒకరు ముందుగా సైకిలు తొక్కుకుంటూ పోవాలి. తడి మట్టిలో పడిన టైరు గీతే దారి. మిగతావాళ్లు ఆ గీత మీదే నడవాలి, పక్కకి ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. ముందు తొక్కే ఆ పని పంక్చరక్క ఎవరికీ వదల్లేదు. ఆమె గీత మీద నడిచి ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

ఆ పేరు విని సైకిలు యాత్రలకి దారులు వేసే కంపెనీవాళ్లు వచ్చారు. నగరాల్లో కొంతమందికి లావు టైర్ల సైకిళ్ల మీద కంకర దారుల్లో తొక్కడం, దార్లో పాత యుద్ధం చూడడం సరదా అట. కూలిన వంతెన, కాలిపోయిన పిండి మిల్లు, గుళ్ల దెబ్బలున్న బడి గోడ, అన్నీ ఆమే తిప్పి చూపించేది. కథలు మెత్తగా చెప్పడం చేతకాదు. ఈ గోడకి ఆనించి ఎవరెవర్ని కాల్చారో, మెదడు ఏ ఇటుక మీద పడిందో చెబుతుంటే తొక్కేవాళ్లు గోడకి దూరంగా జరిగేవాళ్లు. ఆ గోడ దగ్గర నవ్వుతూ ఫోటో దిగినవాడి ఫోను ఒకసారి ఏట్లోకి విసిరేసింది. కంపెనీవాళ్లు క్షమాపణలు చెప్పుకున్నారు, ఆమె చెప్పలేదు.

కూలిన వంతెన దాటాక పాత తోట గుండా కొత్త దారి వెయ్యాలన్నారు. ఆమె ముందు తొక్కింది. రోజూ తొక్కింది, గీత చాపిన రెండు చేతుల వెడల్పయ్యేదాకా తొక్కింది. ఇక కంకర పొయ్యాలి. ఆ పని తమ్ముడికి ఇప్పించింది కూడా ఆమే.

"దారి ఎలా ఉందక్కా?" అని ట్రాక్టరు మీంచే అడిగాడు.

"నా టైరు గీత చూసుకుంటూ పో. కళ్లు మూసుకునైనా పోవచ్చు" అంది.

ఏటి గట్టువాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది. మనిషి కాలు తీసే పాతర వేరు, ట్యాంకుని లేపే పాతర వేరు. రెండోదాని మీద సైకిలు వెయ్యిసార్లు పోయినా ఉలకదు, పలకదు. దానికి బరువు కావాలి. ఇన్నేళ్లలో గీత మీద బరువైన బండి ఎవరూ తోలలేదు కాబట్టి ఆ మాట ఎవరికీ తట్టలేదు. గీత అంటే గీతే అనుకున్నారు.

పేలుడికి కొట్టులో తొట్టినీళ్లు ఒలికిపోయాయి. ఆమె అక్కడికి చేరేసరికి ట్రాక్టరు ముందుభాగం చెట్టు మొదట్లో ఉంది, వెనకభాగం గోతిలో ఉంది. తమ్ముడు ఎడంగా పడి అరుస్తున్నాడు. కంకర ఎత్తే కూలీలు గట్టు మీదే ఆగిపోయి, ఇంకా పాతరలున్నాయి, వెళ్లొద్దని ఆమె రెక్క పట్టుకున్నారు. పట్టుకున్నవాడి ముక్కు పగలగొట్టి లోపలికి వెళ్లింది.

ఎడం కాలు మోకాలి కింద లేదు. తెగిన చోట ఎముక, పేగుల్లాగా వేలాడే కండ. భుజానికి తగిలించుకున్న ట్యూబుల్లో ఒకటి తీసి తొడకి చుట్టి, నడుముకి దోపుకున్న పంపు పిడి దూర్చి మెలితిప్పింది. వాడు కెవ్వున అరిచి ఆమె మొహం మీద పిడిగుద్దు గుద్దాడు. పళ్లలోంచి రక్తం కారుతుంటే ఇంకో మెలి తిప్పింది. ఇంకో ట్యూబుతో వాణ్ణి వీపుకి కట్టుకుని లేచింది. గట్టు దాకా వాడు ఆమెని కొడుతూనే ఉన్నాడు. మెడ మీద, చెవి మీద, జుట్టు పట్టుకుని తల మీద. "చంపేశావే, నన్ను చంపేశావే" అంటూ కొట్టాడు. దెబ్బ పడిన ప్రతిసారీ ఆమెకి ప్రాణం లేచొచ్చింది, బతికే ఉన్నాడని. కంపెనీవాళ్ల జీపు దగ్గరికి వచ్చేసరికి దెబ్బల్లో బలం తగ్గింది. "కొట్టరా, ఇంకా కొట్టు" అని బతిమాలింది. వాడి చెయ్యి జారి ఆమె భుజం మీద వేలాడింది.

బతికాడు. ఆసుపత్రిలో మిగిలిన మోకాలు కూడా కోసేశారు. ఇంటికి వచ్చాక అక్కతో మాట్లాడడం మానేశాడు. పెట్టింది తినేవాడు, పక్క దులిపితే పడుకునేవాడు, ఆమె ఏం అడిగినా గోడ వైపు చూసేవాడు. పొరుగువాళ్లతో మాట్లాడేవాడు, పిల్లితో మాట్లాడేవాడు. ఆమె కావాలని అన్నం మాడ్చింది, మందులు దాచింది, మీద చెయ్యి కూడా చేసుకుంది. వాడు నోరు తెరవలేదు. ఆమెకి కావాల్సింది ఒక్క మాట, అది తిట్టయినా సరే. దానికోసం కుమిలిపోయింది.

తర్వాత యంత్రాలు వచ్చి తోటంతా తిరగేసి మిగిలిన పాతరలు పేల్చేశాయి. దారి తెరిచారు. కంపెనీ మేనేజరు కొట్టుకి వచ్చి, ఆ గొయ్యి దగ్గర కూడా ఒక మజిలీ పెడితే జనం బాగా చూస్తారన్నాడు. ఆమె అతని జుట్టు పట్టుకుని తల తొట్టిలో ముంచింది. ఊపిరాడక కాళ్లు కొట్టుకుంటుంటే తమ్ముడు ఊతకర్రల మీద గుమ్మంలోకి వచ్చాడు.

"వదిలెయ్యమనండి. కథ నేను చెబుతా" అన్నాడు. అది కూడా అక్కతో కాదు, మేనేజరుతోనే.

మొదటి గుంపు వచ్చింది. ఆమె ముందు, రంగురంగుల టోపీలవాళ్లు వెనక. గొయ్యి పక్కన తమ్ముడు ఊతకర్రల మీద నిలబడి ఉన్నాడు. ఆమె సైకిలు దిగి అందరి వెనక్కి వెళ్లి నిలబడింది. వాడు ఏమీ దాచలేదు. గీత పద్ధతి చెప్పాడు, పాతరల తేడా చెప్పాడు, "నా టైరు గీత చూసుకుంటూ పొమ్మంది మా అక్క" అని కూడా చెప్పాడు. ఎముక సంగతి చెప్పాడు. ఆ అక్క ఎవరో మాత్రం చెప్పలేదు. ఆమెకి అక్కడే ఆ గోతిలో దూకి మట్టి కప్పుకోవాలనిపించింది.

నల్లకళ్లద్దాల మనిషి ఒకడు నాలుక చప్పరించాడు. "ఎంత బుద్ధిలేని ఆడదండీ. అలాంటిదాన్ని ఊరికే వదిలేశారా? చెప్పుతో కొట్టి లోపల పడెయ్యాల్సింది" అన్నాడు.

తమ్ముడి కుడి ఊతకర్ర గాల్లోకి లేచింది. అద్దాల మీదుగా దవడ మీద పడింది. అద్దం పగిలి బుగ్గలో దిగింది, ఆ మనిషి సైకిలుతో సహా వెనక్కి తూలాడు. కర్ర ఎత్తితే నిలబడలేనన్న సంగతి తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, బోర్లా కంకర మీద పడ్డాడు. పడి కూడా ఊరుకోలేదు, పాక్కుంటూ పోయి అతని పిక్క మీద ఇంకొకటి వేశాడు. టోపీలవాళ్లు చెల్లాచెదురయ్యారు. జీవితమంతా చెయ్యే ముందు లేచే పంక్చరక్క ఆ ఒక్కసారి కొయ్యబారిపోయి నిలబడింది.

నోట్లో కంకర ఉమ్మి, తమ్ముడు తల తిప్పి ఆమెని చూశాడు.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటక్కా? వచ్చి నన్ను లేపు. వీడింకా నిలబడే ఉన్నాడు."