ఇలారియే బావి

సవేత తన కారును అమ్ముకోలేదు, పారేయలేదు. నమ్మి అప్పగించింది. ఆ తేడా ఊళ్ళో ఎవరికీ పట్టలేదు కానీ, ఆమె మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

వ్రాంచా కొండల్లోని వలేని అనే ఊళ్ళో ముప్పై ఏళ్ళు పశువుల డాక్టరు దగ్గర పనిచేసిన మనిషి ఆమె. ఏ కొట్టంలో ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా, తెల్లటి పాత డాచియా కారేసుకుని బురదలోంచే వెళ్ళేది. ఆ కారు భర్త ఇలారియే కొన్నది. ఎడమ తలుపు తుప్పు పట్టినప్పుడు, గేటుకు వేయగా మిగిలిన నీలం రంగు దానికి పూసి, "ఇక ఇది మన గేటుకి చెల్లెలు" అన్నాడాయన. ఆయన పోయాక సవేత ఆయన పేరిట దారి పక్కన బావి తవ్వించింది. పోయినవాళ్ళకు అవతల దాహం వేస్తుందట. వాళ్ళ పేరు మీద ఇక్కడెవరైనా గుక్కెడు నీళ్ళు తాగితే అవి అక్కడ వాళ్ళ గొంతులో పడతాయట. దారిన పోయేవాళ్ళు గొలుసుకు కట్టిన రేకు మగ్గుతో తాగి, "ఇలారియేకి అందుగాక" అని సాగిపోయేవారు. ఆ మాట కోసమే ఆమె రోజూ సాయంత్రం గేటు దగ్గర కూర్చునేది.

పాత కార్లు తుక్కుకిస్తే ప్రభుత్వం కొత్త కారు ధరలో కొంత తగ్గించే చీటీ ఇస్తుందన్న కబురు తెచ్చినవాడు సోరిన్. అతని పెళ్ళికి పెళ్ళిపెద్దలుగా నిలబడింది ఇలారియే, సవేతలే. అక్కడ పెళ్ళిపెద్దలంటే కన్నవాళ్ళకంటే ఒక మెట్టు పైనే. ఈస్టరుకు రొట్టె తెచ్చి చెయ్యి ముద్దు పెట్టుకోవాలి, చచ్చేదాకా మాట దాటకూడదు. ఊరికి ఎగువన పాత సమష్టి వ్యవసాయపు కొట్టాల్లో తుక్కు కార్ల దొడ్డి పెట్టుకోవడానికి అతనికి అనుమతి దొరికింది. ఇక దొడ్డి నిండాలి.

"పెద్దమ్మా, నువ్వు చెబితే ఊరంతా వింటుంది. ఈ డొక్కు బళ్ళ పొగకి గాలంతా పాడైపోతోంది. టీవీలో చూళ్ళేదా?" అన్నాడు చెయ్యి ముద్దు పెట్టుకుని.

"నా బండి పొగేం వదుల్తుందిరా, వారానికి రెండుసార్లు తీస్తాను!"

"ఆ రెండుసార్లే చాలమ్మా. పైగా నూనె చుక్క నేల మీద పడనివ్వం. అన్నీ పీపాల్లో పట్టి, మూతలు బిగించి పంపేస్తాం. చట్టం అలా ఉంది."

చట్టం అలాగే ఉంది, పాపం. సవేత నమ్మింది. నమ్మి ఊరుకున్నా బాగుండేది. గేటు గేటుకీ తిరిగి, "ఇచ్చేయండి, గాలి బాగుపడుతుంది, మనవాడే కదా చేసేది" అని చెప్పింది. ఆమె మాట మీద పదకొండు కార్లు ఆ దొడ్డికెక్కాయి. వాటికంటే ముందు ఎక్కింది ఆమెదే. చీటీకి తోడు వేయవలసిన సొమ్ము ఆమె దగ్గర లేకపోవడంతో ఆ చీటీ కూడా సోరిన్ చేతికే వెళ్ళింది. అతను కొత్త కారులో తిరిగాడు. ఆమె కర్ర పుచ్చుకుని నడిచింది. అయినా అందులో ఆమెకు తప్పేమీ కనిపించలేదు.

మరుసటి వసంతంలో మంచు కరిగి వానలు పట్టుకున్నాయి. ఒక ఉదయం బావిలోంచి బకెట్టు పైకి లాగితే నీళ్ళ మీద రంగురంగుల తెట్టె మెరిసింది. వాసన చూసింది. ఆ వాసన ఆమెకు తెలియనిది కాదు. బండి నూనె అంటిన ఇలారియే చొక్కాలు ఉతికిన చేతులవి.

మగ్గు గొలుసు నుంచి విప్పి, నిండా ముంచుకుని, తొణకకుండా పట్టుకుని ఎగువకు నడిచింది. దొడ్డిలో పీపాలున్నాయి, ఖాళీగా, వరసగా. తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించడానికి కాబోలు. కార్లు మాత్రం వట్టి నేల మీద తలకిందులుగా పడున్నాయి. నీలం తలుపును ఆమె దూరం నుంచే గుర్తుపట్టింది. బోల్తా కొట్టించే ముందే దాని పొట్టకు చిల్లు పొడిచి నూనె నేలకు వదిలేశారు. దొడ్డి బురద కాకుండా ఎవరో పారతో శుభ్రంగా కాలువ కూడా తీశారు. ఆ కాలువ తిన్నగా దిగువకు, బావి వైపే పోతోంది.

"ఈ కాలువ ఎవడు తీశాడ్రా?"

సోరిన్ ముందు నవ్వబోయాడు. "నేనే పెద్దమ్మా. వానకి నీళ్ళు నిలిచిపోతుంటేనూ..."

"కింద ఏముందో తెలీదా నీకు?"

"అబ్బా, నాలుగు చుక్కలకే ఇంత రాద్ధాంతమా? తనిఖీవాళ్ళొచ్చారు, శుభ్రంగా తిన్నారు, సంతకం పెట్టి పోయారు. కాగితాల్లో అంతా పీపాల్లోనే ఉంది. అయినా గాలి బాగుపడిందా లేదా, నువ్వే చెప్పు!"

"నగరపోళ్ళకి గాలి, మాకు నీళ్ళలో నూనెనా? నా నోటితోనే ఊరంతటికీ చెప్పించావు కదరా."

అతను అలవాటుగా ఆమె చెయ్యి అందుకోబోయాడు. ఆ చేతిలో మగ్గు పెట్టింది సవేత. "మీ పెళ్ళిపెద్ద పేరున ఇస్తున్నాను. పుచ్చుకో."

చనిపోయినవాళ్ళ పేరున ఇచ్చిన నీళ్ళు ఎంత శత్రువైనా కాదనడు. సోరిన్ మగ్గులోకి చూశాడు. ఆమె ముఖం చూడలేదు. దాహంగా లేదని గొణిగి మగ్గును తలకిందులైన డాచియా చక్రం మీద పెట్టాడు. కొత్త కారులోంచి సీసా నీళ్ళు తెచ్చుకుని తాగే ధైర్యం మాత్రం చేయలేదు. సవేతకు ఏడుపు రాలేదు. వచ్చింది కోపమే.

కిందికి దిగి బావి మూతకు మేకులు కొట్టింది. తర్వాత మళ్ళీ ఆ పదకొండు గేట్ల దగ్గరకూ వెళ్ళింది. "తాగకండి. నా మాట విని మోసపోయారు. నన్ను తిట్టండి" అంది. కొందరు తిట్టారు. ఒకావిడ తిట్టకుండా, కూర్చోమని కుర్చీ వేసింది. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

చివరికి శ్మశానం గేటు మిగిలింది. అక్కడా ఆగి, ఇలారియే సమాధి మీద చెయ్యి వేసి, అందరికీ చెప్పినట్టే చెప్పింది.

"తాగకయ్యా. నేనిచ్చానని ఎవరన్నా సరే, తాగకు."