తాయప్ప ఎర్ర కళ్ళు

తాయప్ప పోయి ఏడాది దాటింది. ఆయన మాట వస్తే చాలు, బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించే పెద్దమనుషులు యశ్వంతనగర్ హోటళ్ళలో ఇంకా ఉన్నారు. చుక్క ముట్టని మనిషిని తాగుబోతని తేల్చడానికి ఆ మేధావులకు రెండు ఎర్రటి కళ్ళు సరిపోయాయి.

ఇనుప ఖనిజం లారీల మీద టార్పాలిన్ కట్టడం తాయప్ప పని. ఆ దుమ్ము ఆయనకు పడదు. ఇరవై ఏళ్ళుగా కళ్ళు దురద, నీళ్ళు, ఎరుపు. స్కూలు వ్యానుకు డ్రైవరు కావాలంటే, పాత లైసెన్సు పట్టుకుని వెళ్ళాడు. స్కూలు సెక్రటరీ వీరభద్రప్ప లైసెన్సు చూడలేదు, కళ్ళు చూశాడు.

"పొద్దున్నే వేసుకొని వచ్చినావేందప్పా?"

"దుమ్ము సార్ అది. వాసన చూడండి," అని తాయప్ప నోరు తెరిచాడు.

వీరభద్రప్ప ముక్కు మూసుకున్నాడు. వాసన చూస్తే నిజం తెలిసిపోదూ!

దుమ్ము లేని పని దొరకాలంటే ముందు కళ్ళు తెల్లబడాలి. సండూరులో ఆయుర్వేదం డాక్టరు సౌభాగ్య ముందు పని మానిపించింది. త్రిఫల కషాయం వడగట్టి రోజూ కళ్ళు కడిగింది. దురద తగ్గాక పడుకోబెట్టి, కంటి చుట్టూ మినప్పిండి ముద్దతో గట్టు కట్టి, మందు కాచిన నెయ్యి గోరువెచ్చగా పోసింది. అట్లా ఐదు రోజులు.

"వడలకు సరిపోయే పిండి. నూనె కూడా పెట్టమందునా?" అంది పక్కనున్న భార్య నాగక్క.

"నవ్వించొద్దే, గట్టు తెగుతాది!"

సౌభాగ్య నవ్వలేదు. "మళ్ళా దుమ్ములోకి పోతే మళ్ళా వస్తాది తాయప్పా."

"పోకుండేదానికే కదమ్మా ఈ పాట్లు."

మూడో వారానికి కళ్ళు తేటపడ్డాయి. నాగక్కను వెంటబెట్టుకుని మళ్ళీ స్కూలుకు వెళ్తే, ఆ కళ్ళు చూసి వీరభద్రప్ప మురిసిపోయాడు, ఘనత తనదే అయినట్టు.

"భేష్, మానేసినావు! ఇకమీదట తాగనని రాసి సంతకం పెట్టు. రేపట్నించి వ్యాను నీదే."

"ఎప్పుడూ తాగలేదని రాస్తా సార్."

"అట్ల రాస్తే కమిటీలో ఎవరు నమ్ముతారప్పా?"

నాగక్క మోచేత్తో పొడిచింది. "గీకిపారెయ్యి. మళ్ళా దుమ్ములోకి పోతే కండ్లు పోతాయి నీకు."

"మానేసిన తాగుబోతు అనిపించుకోనా, పిల్లోల్ల ముందర?" తాయప్ప పెన్నుకు మూత పెట్టి తిరిగిచ్చాడు. "నా కండ్లు నెయ్యి తాగినాయి సార్. నేనేం తాగలే."

మరునాడు మళ్ళీ లారీ ఎక్కి తాడు బిగించాడు. వారం తిరక్కముందే కళ్ళు ఎర్రబడ్డాయి.

"చూసినారా, మళ్ళా మొదలుపెట్టినాడు," అన్నాడు వీరభద్రప్ప, హోటల్లో టీ ఊదుకుంటూ.

ఆ సాయంత్రం నాగక్క కషాయంతో మొగుడి కళ్ళు కడుగుతూ, "ఒక్క సంతకం..." అంది.

"చల్లగా ఉండాది. ఇంకొంచెం పొయ్యి," అన్నాడు తాయప్ప.