చీకటి గది వదిన

ఆసుపత్రి ల్యాబులో ఆమె దాదాపు అందరికీ వదినే. పల్లెటూరి బడిలో చదివి, పట్టణపు పిల్లలను వెనక్కి నెట్టి మొదటి వరసలో నిలిచిన మనిషి. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు వచ్చిన రోజున పెట్టె విప్పింది ఆమే. ఇవాళ పెద్ద డాక్టర్లుగా చలామణీ అవుతున్నవాళ్ళలో సగంమందికి కణం చూడటం నేర్పిందీ ఆమే. ఈ ఘనతలన్నీ అడక్కుండానే చెబుతుంది. అడిగితే ఇంకొంచెం చెబుతుంది.

ఆమె పని జోడీలు కుదర్చడం. రంగు తగిలించిన డీఎన్ఏ ముక్కను ప్రోబ్ అంటారు. స్లైడును వేడిచేస్తే కణంలోని డీఎన్ఏ పేటలు విడిపోతాయి. రాత్రంతా వెచ్చగా ఉంచితే ప్రోబ్ తన జోడీని వెతుక్కుని అతుక్కుంటుంది. తెల్లారి మిగిలినది కడిగేసి చీకటి గదిలో ఆ మైక్రోస్కోపు కింద చూస్తే, అతుక్కున్నచోట చుక్కలు మెరుస్తాయి.

“పెళ్ళిళ్ళ పేరయ్య కుదిర్చినవి తప్పొచ్చు, నావి తప్పవు” అంటుంది వదిన.

ఆ ఉదయపు స్లైడు ఒక పసిపిల్లది. ఎముక మజ్జలో రక్తక్యాన్సరు తిరిగొచ్చిందా లేదా తేలాలి. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు విడివిడిగా ఉంటే క్షేమం, కలిసి పసుపైతే కష్టం. పిల్లనుంచి తీసిన మజ్జలో మిగిలిందంతా ఆ స్లైడు మీదే ఉంది. అది చెడితే పిల్ల ఎముకలో మళ్ళీ సూది దించాలి. తల్లి బయట బల్ల మీద కొంగు నలుపుకుంటోంది.

వదిన చూసింది. మసక తప్ప ఏమీ లేదు. మర తిప్పింది, ఫిల్టరు మార్చింది, దీపాన్ని తిట్టింది.

గాజుసామాను కడిగే బాబాయి తెర పక్కనుంచి తొంగిచూశాడు. “ఏమ్మాయ్, పెళ్ళికొడుకు పారిపోయాడా?”

“నువ్వూరుకో బాబాయ్.”

“వదినా, అయిందా?” బయటనుంచి డాక్టరు కేక.

“వస్తోంది సార్. లెన్సు కాస్త బద్ధకిస్తోంది.”

చెప్పిందేగాని మసక మసకగానే ఉంది. ఇక స్లైడు తీసేద్దామని వేలు పెడితే, పైన ఉండాల్సిన పల్చటి మూతగాజు కింద తగిలింది. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. తిరగేసి పెట్టి మళ్ళీ చూసింది. కణం తరవాత కణం, ఎరుపు ఎరుపే, ఆకుపచ్చ ఆకుపచ్చే. పసుపు జాడ లేదు.

డాక్టరు కూడా చూసి తల్లి దగ్గరికి వెళ్ళాడు. “మళ్ళీ సూది అక్కర్లేదమ్మా. పిల్ల బాగుంది.”

లోపల బాబాయి గొంతు తగ్గించాడు. “బోర్లా పడుకోబెట్టి, మొహం చూపించట్లేదని తిట్టావు. ఊరందరికీ చెప్పనా?”

“నీకేం కావాలో చెప్పు.”

“వారంపాటు జాడీలు నువ్వు కడుగు. నా నడుము పట్టేసింది.”

వదిన వారమంతా జాడీలు కడిగింది. ఇదేంటని అడిగినవాళ్ళకు తొణక్కుండా చెప్పింది: “బాబాయికి శుభ్రంగా కడగడం నేర్పుతున్నా. పాపం, ఇన్నేళ్ళుగా చెప్పేవాళ్ళు లేక.”